లేపకూడని నిద్ర

పిల్ల నిద్రపోయింది. నిద్రపోయిందనడం కన్నా నిద్రే దాన్ని పళ్ళెం ముందు నుంచి ఎత్తుకుపోయిందనడం సరి. నోట్లో ముద్ద నోట్లో ఉండగానే తల వాల్చేసింది. మేనత్త ఆ ముద్దను వేలితో తీసి, మూతి తుడిచి, భుజాన వేసుకుని తెచ్చి పరుపు మీద పడుకోబెట్టి, బుడంకాయ ఇవాళ ఆడి ఆడి అలిసిపోయిందనీ, ఇక మిన్ను విరిగి మీద పడ్డా తెల్లారేదాకా కదలదనీ చెప్పి, తలుపు దగ్గరగా వేసి ముందు గదిలోకి వెళ్ళింది. చెప్పింది తల్లికే అయినా తల్లి వైపు చూడలేదు. తల్లి పరుపు పక్కన ఎత్తు తక్కువ స్టూలు మీద కూర్చుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఆ చేతులనే చూస్తోంది. రేపు పొద్దున బస్సులో పిల్ల మేనత్తతో ఆవిడ ఊరికి వెళ్ళిపోతుంది, వారం రోజులకని, స్థలం మారితే మంచిదని. కానీ మేనత్త తన ఇంటి పక్క బడిలో పెద్ద పంతులమ్మతో అప్పుడే మాట్లాడి ఉంచిన సంగతి నిన్న ఫోనులో గోడ అవతలి నుంచి వినబడింది, వారానికి ఎవరూ బడి వెతకరు. ఇవాళ రాత్రి పిల్ల నిద్రలో అరవకుండా గడిచిందంటే అప్పుడు చూద్దాం అన్నాడు పిల్ల తండ్రి. ఆయన 'చూద్దాం' గట్టి మాట కాదు, అయినా ఆమె చేతిలో మిగిలింది ఆ ఒక్క మాటే. దాన్ని పట్టుకోవడానికి ఆరాటపడాలి గదా అని ఆమె తనను తాను అడుగుతోంది, ఆరాటం ఎక్కడా దొరకడం లేదు. దిండు కింద, మంచినీళ్ళ చెంబు వెనక, ఎక్కడో పెట్టి మరిచిపోయిన వస్తువులా ఉంది ఆ ఆరాటం. ఇంట్లోనే ఉండాలి, కనబడదు.

గడవడానికి పిల్లల డాక్టరమ్మ ఒక ఉపాయం చెప్పింది. ఇది పీడకల కాదని ముందే తేల్చింది ఆవిడ. పీడకల తెల్లవారుజామున వస్తుంది, పిల్ల మేలుకుంటుంది, ఏం చూసిందో చెబుతుంది, అమ్మను కరుచుకుని మళ్ళీ పడుకుంటుంది. ఇది నిద్ర మొదటి భాగంలో, అట్టడుగున వస్తుంది. ఆ అడుగు నుంచి పైకి మళ్ళే మలుపులో మెదడు సగం లేచి సగం లేవకుండా ఉండిపోతే, లేచిన సగానికి గొంతూ కాళ్ళూ కళ్ళూ దొరుకుతాయి, మనిషి దొరకదు. కళ్ళు తెరిచే ఉంటాయి, వాటి వెనక ఎవరూ ఉండరు. కాబట్టి లేపకూడదు, పట్టుకోకూడదు, దీపం వేయకూడదు, ప్రశ్నలు వేయకూడదు. పడిపోకుండా, దేనికీ కొట్టుకోకుండా అడ్డం కూర్చుని, అదే పోయేదాకా ఉండాలి, పొద్దున దాని ఊసెత్తకూడదు. నిద్ర కరువైన పిల్లలకు ఇది ఎక్కువ వస్తుందట, కరువు తీర్చడానికి నిద్ర మరీ లోతుకు దిగుతుంది గనక. కార్యకారణం అక్కడ తేటగా కనబడింది ఆమెకు: పై తరగతికి మారగానే బడిలో మధ్యాహ్నం పడుకోబెట్టడం మానేశారు, అదే నెలలో తనకు సాయంత్రపు డ్యూటీ పడింది, అమ్మ వచ్చేదాకా పడుకోనని పిల్ల కళ్ళు నులుముకుంటూ కూర్చునేది, అలా కూర్చున్నందుకు ముద్దు పెట్టుకునేది తను. ఆ ముద్దులకు వడ్డీ ఇది. ఇక రోజూ ఒకే వేళకు వస్తోంది గనక, ఆ వేళకు కాస్త ముందుగా పిల్లను మెల్లగా తట్టమంది డాక్టరమ్మ, పక్కకు తిరిగి ఏదో గొణిగేంతవరకే, ఆపైన వదిలేయమంది. పొంగబోయే పాలలో గరిటె పెట్టి ఒకసారి తిప్పినట్టు. ఇంట్లో ఎవరికైనా చిన్నప్పుడు ఇలా ఉండేదా అని కూడా అడిగింది. తన వైపు లేదు. ఆయన అక్కడి నుంచే అక్కకు ఫోను చేశాడు, మా ఇంటా వంటా లేవు ఇలాంటివి అని జవాబు వచ్చింది. 'మా' అన్నచోట ఒత్తు పడింది.

మెల్లగా తట్టడం. దానికి మించిన విద్య ఆమెకు వేరే లేదు. ఆపరేషను అయినవాళ్ళను తెచ్చి పడుకోబెట్టే గదిలో ఆమె నర్సు. పదేళ్ళుగా ఆమె చేస్తున్నది మనుషుల్ని లేపడం. మత్తు డాక్టరు పడుకోబెడతాడు, ఆమె లేపుతుంది, ఆయన పంపిన ఊరి నుంచి ఆమె వెనక్కి పిలుస్తుంది. ఆయాలు ఆమెకు కోడిపుంజు అని పేరు పెట్టారు, ఆమె సెలవు పెట్టిన రోజున ఇవాళ తెల్లారలేదమ్మా అని నవ్వుకునేవారు. పేరు పెట్టి పిలవాలి, పలక్కపోతే భుజం తట్టాలి, కళ్ళు తెరవండి, ఊపిరి గట్టిగా పీల్చండి, ఇది ఏ ఊరు, మీ పేరేమిటి. ఒక ముసలాయన కళ్ళు తెరిచీ తెరవగానే నా సైకిలుకు తాళం వేశావా అని ఆమెను గద్దించాడు. ఒక పంతులుగారు పక్క మంచాల వాళ్ళందరికీ హాజరు పిలిచారు, ఇద్దరు పలికారు కూడా. నడుముకు మత్తు ఇచ్చినవాళ్ళు మాత్రం మెలకువగానే వస్తారు, వాళ్ళ కంగారు వేరు. అమ్మా, నా కాళ్ళు ఉన్నాయా? ఉన్నాయండీ. మరి నావిగా లేవే. ఆమె దుప్పటి తీసి చూపించేది, చూపించినా వాళ్ళు నమ్మేవారు కాదు, చేత్తో తడిమి, ఎవరో పొరుగింటాయన కాళ్ళను తడిమినట్టు ముఖం పెట్టేవారు. ఈ వారమంతా తనకు తన సంగతి అలాగే ఉంది. అన్నం తింటున్నది ఎవరో. ఆడబిడ్డకు పక్క వేసింది ఎవరో. పిల్లను పంపిస్తున్నామని ఆయన చెప్పినప్పుడు, ఊలు చొక్కా కూడా పెట్టండి, అక్కడ చలి అన్నది ఎవరో, ఎంత మర్యాదస్తురాలు.

ఆ రోజు కూడా తన చేతులు తనవి కావేమో. కావు అనుకోవడానికి వీల్లేదు, బాగా తనవే, అంత పని నేర్చిన చేతులు మరెవరికి ఉంటాయి? మొదటిసారి పిల్ల లేచి కూర్చుని అరిచినప్పుడు మూర్ఛ అనుకుంది. ఒళ్ళంతా చెమట, రొమ్ములో గుండె పిట్టలా కొట్టుకుంటోంది, కనుపాపలు పెద్దవై తనను దాటి గోడను చూస్తున్నాయి. పేరు పెట్టి పిలిచింది. పలకలేదు. లైటు వేసింది. అరుపు హెచ్చింది. భుజాలు పట్టుకుంది, తన్నింది పిల్ల. కళ్ళు తెరిచి చూడు, నేనెవరు, ఇదెక్కడ. వార్డులో అడిగే ప్రశ్నలన్నీ అదే వరసలో. వద్దు, నువ్వొద్దు, అమ్మ కావాలి, అని పిల్ల తన ముఖంలోకి చూస్తూ అరిచింది. నేనే అమ్మను, నేనే. అమ్మ కావాలి. ప్రతి రాత్రీ ఇంతే, ప్రతి రాత్రీ తను పట్టుకున్నకొద్దీ అది పొడుగయ్యేది, పొడుగైనకొద్దీ తను ఇంకా పట్టుకునేది, ఏది కారణమో ఏది ఫలితమో తెలిసేది కాదు. వార్డులోనూ పిల్లలు కొందరు మత్తు దిగేటప్పుడు ఇలాగే అమ్మను గుర్తుపట్టక అరుస్తారు, ఆ తల్లుల వీపు నిమిరి, ఇది మీ పిల్ల కాదమ్మా, మత్తు, కాసేపట్లో సర్దుకుంటుంది అని ఎందరికి చెప్పిందో. అక్కడ తలవైపున అంకెలు వెలుగుతూ ఉంటాయి, నాడి ఇంత, ఊపిరి ఇంత, అంకెలు బాగుంటే భయం లేదు. ఇంట్లో అంకెలు లేవు, అందుకని ఒక రాత్రి చేతికి తెలిసిన చివరి మెట్టు ఎక్కింది. పిలిచినా తట్టినా పలకనివాళ్ళకు చేసేది ఒకటుంది: పిడికిలి బిగించి, వేలి కణుపులతో రొమ్ము నడిమి ఎముక మీద గట్టిగా రుద్దడం. ఆ నొప్పికి చచ్చినవాళ్ళు తప్ప అందరూ కళ్ళు తెరుస్తారు. రుద్దింది. తన బిడ్డ ఎముక ఎంత సన్ననిదో కణుపులకు తెలిసింది, తెలిసినా ఆపలేదు, ఆ సమయంలోనే ఆయన పని నుంచి తిరిగొచ్చి, వీధి తలుపు తాళం తీసి లోపలికి వచ్చాడు.

ఆయన చూసింది ఏమిటి? లైటు, కేక, పిల్ల గుండెల మీద భార్య పిడికిలి. న్యాయంగా చూస్తే ఎవరైనా అదే అనుకుంటారు. ఆయన స్థానంలో తనున్నా అదే అనుకునేది. పొద్దున పిల్ల చొక్కా గుండీలు విప్పుకుని కమిలిన చోటును కుతూహలంగా చూసుకుని ఇదేంటమ్మా అని అడిగింది, ఏదో కుట్టిందమ్మా అని తల్లి చెప్పింది, పిల్ల నమ్మి, ఆ పురుగుకు ఎన్ని కాళ్ళుంటాయని అడిగింది. ఆయన ఆ మాట వింటూ బూట్ల తాళ్ళు కట్టుకున్నాడు, కట్టి విప్పి మళ్ళీ కట్టాడు. తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్ళారు, విన్నారు, లేపకూడదన్న సంగతి తెలిసింది. కానీ అప్పటికే ఆయన అక్కకు చెప్పేశాడు, ఆ తర్వాత అక్క వచ్చింది, పిల్లకు స్నానం చేయిస్తూ పచ్చగా మారిన ఆ మచ్చను చూసేసింది. డాక్టరు మాట చెవి విన్నది, మచ్చ కన్ను చూసింది. చెవికీ కన్నుకూ తగాదా వస్తే కన్నే గెలుస్తుంది. పిల్ల కలలో భయపడుతున్నది తల్లికేనని వాళ్ళిద్దరూ ఒక నిర్ణయానికి వచ్చారు, పైకి ఎవరూ అనలేదు, కంచాలు పెట్టే చప్పుడులో ఆ నిర్ణయం ఉంది. నువ్వొద్దు, అమ్మ కావాలి అన్న మాటను వాళ్ళు ఒక తీరుగా విన్నారు. తను కూడా, నిజం చెప్పాలంటే, అదే తీరుగా వింది. అప్పటి నుంచే ఈ మొద్దుబారడం.

ముందు గదిలో టీవీ తగ్గించారు. గిన్నె మీద మూత పెట్టిన చప్పుడు, ఆ తర్వాత ఆడబిడ్డ దగ్గు. పిల్ల నోరు కొద్దిగా తెరిచి పడుకుంది, ఊపిరి లోతుగా ఉంది, మరీ లోతుగా, రెండు ఊపిరుల మధ్య ఖాళీ ఎక్కువగా ఉంది. ఆ ఖాళీని ఆమె చెవి వార్డు అలవాటు కొద్దీ కొలిచింది, కొలవగానే సంగతి తెలిసింది. ఇవాళ మధ్యాహ్నం పిల్ల పడుకోలేదు. పడుకోబెట్టమని తను డ్యూటీకి వెళ్తూ చెప్పింది. రేపు బస్సులో ఎలాగూ పడుకుంటుంది లెమ్మని మేనత్త పార్కుకు తీసుకెళ్ళింది, ఉయ్యాల ఊపింది, ప్రేమ కొద్దీ. ముద్ద నోట్లో ఉండగానే వాలిన తల, ఈ ఊపిరి, అన్నీ ఒక్కచోటికే వెళ్తున్నాయి: ఇవాళ నిద్ర ఇంకా లోతుకు దిగింది, కాబట్టి అది ముందే వస్తుంది. రోజూ వచ్చే వేళ దాకా ఆగకూడదు, ఇప్పుడే తట్టాలి. ఇప్పుడే. భుజం మీద రెండు వేళ్ళు, అంతే, పాలలో గరిటె. ఆమె చేతికి చెప్పింది. చెయ్యి ఒళ్ళో నుంచి కదలలేదు. కళ్ళ ముందే ఉంది, వేళ్ళున్నాయి, గోళ్ళు పొట్టిగా కత్తిరించి ఉన్నాయి, ఎంతమందిని లేపిందో ఆ చెయ్యి, నువ్వు తాకితే ఏమవుతుందో తెలుసు గదా అన్నట్టు పడి ఉంది. నిద్రపోయేవాణ్ణి లేపవచ్చు, నిద్ర నటించేవాణ్ణి లేపలేమంటారు. ఈ రెండూ కాని చేతిని ఏం చేయాలి?

పిల్ల లేచి కూర్చుంది.

ఒక క్షణం ఏ చప్పుడూ లేదు, కళ్ళు మాత్రం తెరుచుకున్నాయి, ఆ తర్వాత అరుపు. తలుపు గోడకు కొట్టుకుంది. ఆడబిడ్డ పరుగున వచ్చి, వెనకే తమ్ముడు, స్విచ్చి కోసం గోడ తడిమి, దొరక్క వదిలేసి పిల్లను రెండు చేతులా గుండెకు హత్తుకుంది, అత్తనమ్మా, అత్తను, నీకేం కాదు అంటూ. పిల్ల ఆమె మెడను గీరింది. గడ్డం కింద తలతో పొడిచింది, వెనక్కి విల్లులా వంగి, ఎవరో గొంతు నులుముతున్నట్టు కేకపెట్టింది. నువ్వొద్దు, అని మేనత్త ముఖంలోకి చూస్తూ అంది, అమ్మ కావాలి. ఉయ్యాల ఊపిన మనిషి ముఖంలోకి. ఆడబిడ్డ చేతులు ఇంకా బిగిశాయి, అరుపు ఇంకా హెచ్చింది, తను ఎరిగిన మెట్లే ఒక్కొక్కటీ ఎక్కుతోంది ఆవిడ, పట్టుకోవడం, ఊపడం, పిలవడం, ఇక చెంప మీద తట్టడానికి చెయ్యి లేచింది. ఆ చేతిని చూసేసరికి తల్లికి గొంతు వచ్చింది. పెద్ద గొంతు కాదు.

"వదిలేయండి వదినా."

"ఎలా వదలను, కొట్టుకుంటోంది పిల్ల."

"వదిలితే తగ్గుతుంది. పరుపు మీద దించి, అటు అంచున కూర్చోండి. ఇటు నేనున్నాను."

ఎందుకు వదిలిందో ఆవిడకే తెలియదు. మెడ మీద గీరిన మంటకో, ఆ గొంతు వార్డులో మంచాల మధ్య నడిచే గొంతు కావడం వల్లనో. పిల్ల పరుపు మీద పడి, మోకాళ్ళ మీద లేచి, గోడ వైపు చేతులు విసిరింది. తల్లి గోడకూ పిల్లకూ మధ్య దిండు ఒకటి జరిపింది, పిల్లను తాకలేదు. అమ్మ కావాలి అన్న మాట ఇంకో రెండుసార్లు వచ్చింది, తన ముఖం మీదికే వచ్చింది, అడ్రసు లేని ఉత్తరంలా తగిలి కింద పడింది. ఇప్పుడు గొంతు బొంగురుపోతుంది, అంది తల్లి, ఎవరికో చెబుతున్నట్టు. బొంగురుపోయింది. ఇప్పుడు చేతులు దించుతుంది. కాసేపటికి దించింది. ఇప్పుడు ఒక పెద్ద ఊపిరి తీసి, కుడిపక్కకు వాలుతుంది. గదిలో ఉన్న ముగ్గురూ ఆ ఊపిరి కోసం తమ ఊపిరి బిగబట్టారు. అది వచ్చింది, పిల్ల కుడికి కాక ఎడమకు వాలి, చెయ్యి బుగ్గ కింద పెట్టుకుని, ఏమీ జరగనట్టు, దానికి ఏమీ జరగలేదు గదా, పడుకుంది.

ఆడబిడ్డ మెడ తడుముకుంటోంది. తండ్రి తలుపు పక్కన నిలబడే ఉన్నాడు. ఇదంతా మొదటి నుంచి చివరిదాకా చూడటం ఆయనకు ఇదే మొదలు. ఎప్పుడూ చివరికి వచ్చేవాడు. తల్లి తడిసిన దిండు గలీబు మారుస్తూ, ఇవాళ వచ్చేసింది గనక రేపు బస్సు తప్పదు అనుకుంది, అనుకోవడం స్పష్టంగానే ఉంది, బస్సు రంగు కూడా కనబడింది, కిటికీలో చిన్న తల కనబడింది, అయినా లోపల ఎక్కడా ఏదీ గుచ్చుకోలేదు.

"ఒరేయ్," అంది ఆడబిడ్డ తమ్ముడితో. "నువ్వూ ఇలాగే."

ఆయనకు అర్థం కాలేదు.

"ఇలాగే అరిచేవాడివి. ఇంతకంటే చిన్నప్పుడు. అమ్మ తడి తువ్వాలుతో కొట్టి లేపేది, కాళ్ళు నేను పట్టుకునేదాన్ని. పొద్దున వాతలు చూసుకుని ఏంటక్కా ఇవి అని అడిగేవాడివి. మంచం మీంచి పడ్డావురా అనేవాళ్ళం." ఆవిడ పిల్ల వైపు చూసింది. "ఫోనులో అడిగావు చూడు, అప్పుడు గుర్తు రాలేదు. వచ్చిందేమో కూడా. అది జబ్బనుకోలేదు మేం, మొండితనం అనుకున్నాం."

"నాకేం గుర్తు లేదు," అన్నాడు ఆయన.

"ఉండదు," అంది తల్లి, గలీబు కొసలు లోపలికి దోపుతూ. "ఎవరికీ ఉండదు."

ఆయన భార్య చేతుల వైపు చూశాడు. ముందు గదిలోకి వెళ్ళాడు. అక్కడి నుంచే, ఎవరి వైపూ తిరగకుండా, పొద్దున బస్సుకు నువ్వొక్కదానివే వెళ్ళక్కా అన్నాడు, మళ్ళీ వెంటనే, వెళ్ళమని కాదు, ఉంటే ఇంకో నాలుగు రోజులు ఉండు అన్నాడు. ఆ మాట కోసం తల్లి పిల్ల పడుకున్నప్పటి నుంచి కూర్చుంది. వచ్చిన మాటను ఆమె ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు చూసింది. సంతోషం రావాలి, కనీసం ఏడుపు. పిల్ల మీద దుప్పటి సరిచేసింది, సరిచేయవలసిన అవసరం లేకపోయినా.

ఆడబిడ్డ స్టూలు తన వైపు లాక్కుని కూర్చుంది. ఆవిడ కూడా ఎవరి ముఖం చూడటం లేదు, కానీ ఇందాకటి చూడకపోవడం వేరు, ఇది వేరు.

"నీ కళ్ళు చూడు, పీక్కుపోయాయి. పోయి పడుకో అమ్మాయ్, నేను కూర్చుంటాను. ఏం చేయాలో చెప్పు."

వార్డులో ఒకరి తర్వాత ఒకరు డ్యూటీ దిగేటప్పుడు మంచం పక్కనే నిలబడి అప్పగింత చెబుతారు, ఎవరు, ఏమైంది, ఇప్పుడెలా ఉంది, ఏం చేయాలి, ఏం చేయకూడదు; రెండోవాళ్ళు తిరిగి చెప్పందే మొదటివాళ్ళు కదలరు. అలాగే చెప్పింది. ఒకసారి వచ్చింది గనక మళ్ళీ రాకపోవచ్చు. వస్తే తాకొద్దు. లేపొద్దు. లైటు వద్దు. అంచున కూర్చుని పడకుండా చూడాలి, మాట్లాడితే మెల్లగా మాట్లాడాలి, అర్థమయ్యే మాటలే కానక్కర్లేదు. రేపు మధ్యాహ్నం మాత్రం తప్పకుండా పడుకోవాలి. ఆడబిడ్డ ఒక్కొక్క వేలూ మడుస్తూ అన్నీ తిరిగి చెప్పింది, కొత్తగా చేరిన నర్సులా, ఒకటి మరిచిపోయి మళ్ళీ మొదటికి వచ్చింది.

తల్లి లేచింది. తలుపు దాకా వెళ్ళాక వెనక నుంచి ఆడబిడ్డ అడిగింది.

"మళ్ళీ అమ్మ కావాలని ఏడిస్తే? నిన్ను పిలవనా?"

"పిలవకండి. ఆ సమయంలో నేనొచ్చినా దానికి నేను కాను."

ముందు గదిలోకి ఒక అడుగు వేసింది. తలుపు చెక్క మీద పెట్టిన చెయ్యి అక్కడే ఉండిపోయింది.

"అయినా పిలవండి," అంది.